చెదపట్టని పలక, ఎండకు సాగే పలక

పోయిన జూన్‌లో ఒక రాత్రి. డ్యూటీ బస్సు దిగి, స్నానాలు చేసి, అందరం మెస్సులో కూర్చున్నాం. మా పక్కన కూర్చున్న పెద్దన్న కంచంలో అన్నం పెట్టుకుని ముద్ద కలపకుండా ఫోను వైపే చూస్తున్నాడు. ఇంటి ఫోటో ఏమో అనుకుని తొంగి చూశాం. కాదు. ఒక విల్లా పడమటి గోడ ఫోటో. ఆ గోడ మీద కిటికీల పైన కాఫీ రంగు వేసిన పొడవాటి పలక విల్లులా వంగి, గోడను విడిచి ముందుకు పొడుచుకొచ్చింది.

పెద్దన్నది జగిత్యాల వైపు ఒక పల్లె. తాతల నాటి నుంచి వడ్రంగం ఇల్లు. అరకలు, నాగళ్ళు, తలుపులు, దర్వాజలు చేసిన చెయ్యి. గల్ఫుకు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. దుబాయిలో మా క్యాంపులో ఉన్న తెలుగువాళ్ళలో వయసులో పెద్దవాడు కాబట్టి అందరికీ ఆయన పెద్దన్నే.

"రెండు నెలల జీతం కోస్తరట తమ్మీ. పలక కరాబు చేసిన్నట. కొలత సక్కగనే పట్టిన. తప్పు యాడుందో నాకే సమజైతలేదు" అన్నాడు. బిడ్డ కాలేజీ ఫీజు జులైలో కట్టాలి. ఆ రెండు నెలల జీతం ఆ ఫీజే.

మేమిద్దరం అదే కంపెనీలో పని చేస్తున్నాం. ఒకరం టైమ్ కీపర్, ఒకరం స్టోర్ క్లర్కు. రంపం పట్టినవాళ్ళం కాదు. ఇంటర్ చదివి, కాగితాలు రాసుకుని బతికేవాళ్ళం. అయినా ఆ పలక ఎందుకు వంగిందో తెలుసుకోవాలని ఆ రాత్రే కూర్చున్నాం. తెలుసుకున్నది మన వాళ్ళందరికీ, ముఖ్యంగా కార్పెంటర్లకు, హెల్పర్లకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

ఇంతకీ ఈ పలక ఏమిటి?

సైట్లలో దీన్ని పీవీసీ బోర్డు అంటారు, ఫోమ్ బోర్డు అంటారు. నీళ్ళ పైపులు చేసే పీవీసీయే ఇది. కరిగిన పీవీసీలో గ్యాసు బుడగలు పుట్టించి పలకగా నొక్కుతారు. కోసిన అంచు చూస్తే లోపల సన్నటి రంధ్రాలతో రొట్టె ముక్కలా ఉంటుంది, పైపొర మాత్రం నున్నగా, గట్టిగా ఉంటుంది.

పీవీసీ కొత్త వస్తువేం కాదు. జర్మనీ రసాయన శాస్త్రవేత్త యూజెన్ బామన్ 1872లోనే దీన్ని చూశాడు. కానీ అది పెళుసుగా ఉండి ఎవరికీ పనికిరాలేదు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే ఆయన దాన్ని మెత్తగా, వంగేలా చేసే దారి కనిపెట్టాక వాడకం పెరిగింది. పైపులు, వైర్ల తొడుగులు, కిటికీలు అయ్యాక ఇప్పుడు కర్ర చోటికీ వచ్చింది.

గల్ఫులో దీనికి గిరాకీ ఎందుకో మనకు తెలిసిందే. ఆగస్టులో సముద్రం పక్కన గాలి తడిగుడ్డలా ఉంటుంది. బాత్రూంలు, వంటిళ్ళు బకెట్లతో కడుగుతారు. అక్కడ ఎండీఎఫ్ స్కర్టింగ్ పెడితే ఏడాది తిరక్కుండానే నీళ్ళు తాగి అప్పడంలా ఉబ్బుతుంది. మంచి కర్రకు చెదల భయం. పీవీసీ పలక నీళ్ళు తాగదు, చెదలు దాన్ని ముట్టవు, కుళ్ళదు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక సుమారు 30 కిలోలు ఉంటుంది. అదే కొలత ఎండీఎఫ్ పలక దాదాపు 40 కిలోలు. మూడో అంతస్తుకు మోసేవాడికి ఆ పది కిలోల తేడా ఏమిటో తెలుసు.

అందుకే విల్లాల్లో స్కర్టింగులకు, తలుపు చుట్టూ ఆర్కిట్రేవ్‌లకు, కిటికీ అంచులకు, చూరు కింద పట్టీలకు దీన్ని వాడుతున్నారు. మామూలు కర్ర పనిముట్లతోనే కోయొచ్చు, బెజ్జం వేయొచ్చు, చిత్రిక పట్టొచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. కర్రలాగే కోస్తాం కాబట్టి కర్రే అనుకుంటాం.

కర్రకు వాన, దీనికి ఎండ

మన ఊళ్ళో వానాకాలం వస్తే తలుపులు బిగుసుకుంటాయి. ఎండాకాలం మళ్ళీ వదులవుతాయి. కర్ర తడి పీల్చి ఉబ్బుతుంది. అయితే ఆ ఉబ్బడం అడ్డంగానే, అంటే వెడల్పులో. పొడవులో కర్ర దాదాపు పెరగదు. అందుకే మన వడ్రంగులు తలుపు వెడల్పులో నూలుమందం వదులుతారు, నిలువు కొలత మాత్రం గట్టిగా పడతారు. తండ్రి కొడుక్కి నేర్పిన విద్య అది.

పీవీసీ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. తడికి కదలదు. వేడికి కదులుతుంది. వేడెక్కితే సాగుతుంది, చల్లబడితే కుంచించుకుంటుంది. అన్ని వైపులా సాగినా పొడవు ఎక్కువ కాబట్టి పొడవులోనే బాగా తెలుస్తుంది. పెద్దన్న చేతికి తాతల విద్య ఉంది. ఆ విద్యే ఆయన్ని ఇక్కడ మోసం చేసింది.

ఇంటర్ ఫిజిక్సులో రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారు అనే ప్రశ్నకు మేమిద్దరం జవాబు రాసే ఉంటాం. రాసి మరిచిపోయాం. ఆ రాత్రి మెస్సు టేబుల్ మీద మళ్ళీ లెక్క కట్టాం.

ఒక మీటరు పీవీసీ పలక ఒక డిగ్రీ వేడెక్కితే మిల్లీమీటరులో వంద వంతులకు సుమారు ఆరు వంతులు సాగుతుంది. కంటికి కనిపించేది కాదు. కానీ పెద్దన్న పెట్టినవి 2.44 మీటర్ల పలకలు రెండు, కొస కొస కలిపి, రెండు కాంక్రీటు పిల్లర్ల మధ్య. మొత్తం 4.88 మీటర్లు. పెట్టింది జనవరి పొద్దున, అప్పుడు 15 డిగ్రీలు. జూన్ మధ్యాహ్నం ఏసీ టెక్నీషియన్ దగ్గరున్న టెంపరేచర్ గన్‌తో ఆ పలకను చూస్తే 60 డిగ్రీలు. తేడా 45 డిగ్రీలు.

4.88 ని 0.06 తో, దాన్ని 45 తో గుణించండి. 13 మిల్లీమీటర్లు వస్తుంది. అర అంగుళం!

అటు పిల్లరు జరగదు, ఇటు పిల్లరు జరగదు. అర అంగుళం ఎక్కువైన పలక ఎక్కడికి పోతుంది? ముందుకే వంగుతుంది. పెద్దన్న కొలత తప్పు పట్టలేదు. వెంట్రుకంత సందు లేకుండా అంత సక్కగా పట్టడమే ముప్పు తెచ్చింది.

ఆ కాగితం మా ఫైల్లోనే ఉంది

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి స్టోరు రిజిస్టరు తీశాం. పలకలు ఏ రోజు ఇచ్చామో ఉంది. టైమ్ షీటులో ఆ పని ఏ రోజు ఏ పూట జరిగిందో ఉంది. డ్రాయింగు తీశాం. అందులో ఎక్కడా ఖాళీ చూపించలేదు. తర్వాత సామాను వచ్చినప్పటి ఫైలు తీశాం. పలకల కట్టతో పాటు వచ్చిన కాగితం, నాలుగు పేజీలు, ఇంగ్లీషులో. రెండో పేజీలో ఎంత సాగుతుందో పట్టిక. దాని కిందనే ఎండ తగిలేచోట ముదురు రంగులు వేయొద్దని హెచ్చరిక. చివర్లో 'అందింది' అని స్టాంపు, మా సంతకం.

ఆ కాగితానికి స్టాంపు వేసి ఫైల్లో పెట్టింది మేమే. చదవలేదు. చదవడం మా పని కాదనుకున్నాం. ఇంజినీరు చూసుకుంటాడనుకున్నాం. ఇంజినీరు ఫోర్‌మన్ చూసుకుంటాడనుకున్నాడు. ఫోర్‌మన్‌కు ఆ కాగితం సంగతే తెలియదు. పలక పట్టుకున్నవాడికి దాని గుణం చెప్పినవాడు ఒక్కడూ లేడు. జీతం కోసేటప్పుడు మాత్రం అందరికీ పలక పట్టుకున్నవాడే గుర్తొచ్చాడు.

రిజిస్టరు, టైమ్ షీటు, డ్రాయింగు, ఆ నాలుగు పేజీలు, మా లెక్క రాసిన కాగితం, అన్నీ పట్టుకుని ఇంజినీరు దగ్గరకు వెళ్ళాం. గుండె దడదడలాడింది. మా ఉద్యోగాలు కూడా అక్కడివే కదా! ఆయన చాలాసేపు చూశాడు. కాఫీ రంగు ఎవరు ఎంచుకున్నారో అడిగాడు. ఇంటి యజమాని కోరిక అని కాగితం మీద ఉంది. సాయంత్రానికి కబురు వచ్చింది, జీతం కోయడం లేదని. కానీ పలకలు తీసి మళ్ళీ పెట్టే పని పెద్దన్నే చేయాలి, దానికి ఓటీ లేదు. మూడు సాయంత్రాలు పట్టింది. పూర్తి న్యాయం అని మేము అనం. కానీ బిడ్డ ఫీజు మాత్రం జులైలో కట్టాడు.

పని ఎలా చేయాలి?

పెద్దన్న రెండోసారి చేసిన పద్ధతి, ఆ కాగితంలో ఉన్నది కలిపి ఇక్కడ ఇస్తున్నాం. కత్తిరించి దాచుకోండి.

1. ముందు వేడి చూడండి. పలకను కోసే ముందు, అది పెట్టబోయే చోటే కొన్ని గంటలు చదునుగా పరిచి ఉంచండి. ఎండలో నిలబెట్టిన లారీలోంచి దించి వెంటనే కొలవొద్దు. ఏసీ గదిలో కోసి ఎండ గోడకు వెంటనే కొట్టొద్దు.

2. కాలాన్ని బట్టి ఖాళీ వదలండి. చలికాలం పొద్దున పెడితే పలక దాదాపు అతి పొట్టిగా ఉన్నట్టు. పెరగడానికి చోటు వదలాలి. మండే ఎండలో పెడితే అప్పటికే సాగి ఉంది, కొంచెమే వదిలితే చాలు. లెక్క తేలిక: మీటర్లు, డిగ్రీల తేడా, 0.06, మూడూ గుణిస్తే మిల్లీమీటర్లు.

3. లోపలి పనికి దీనికి తిరగేసి ఆలోచించండి. ఏసీ వేయకముందు 42 డిగ్రీల గదిలో మూడు మీటర్ల స్కర్టింగ్ బిగించారనుకోండి. యజమాని దిగి ఏసీ 24 మీద పెడితే అది మూడు మిల్లీమీటర్లకు పైగా కుంచించుకుంటుంది. అతుకు నోరు తెరుస్తుంది. వీలైతే ఏసీ నడిచాకే ఈ పని పెట్టుకోవాలని ఫోర్‌మన్‌తో చెప్పండి.

4. అతుకు ఏటవాలుగా కోయండి. రెండు పలకల కొసలను 45 డిగ్రీల వాలుగా కోసి, ఒకదానిమీద ఒకటి కూర్చునేలా, వెనక గట్టి ఆధారం ఉన్నచోట కలపాలి. ఆ అతుకును పీవీసీ సాల్వెంట్ సిమెంటుతో అతికించి, అటూ ఇటూ స్క్రూ వేయాలి. అప్పుడు నడిమి అతుకు విడదు, కదలికంతా చివరలకు పోతుంది. ఖాళీ అక్కడ వదిలి, సాగే గుణమున్న సీలెంటుతో మూయాలి.

5. స్టీలు స్క్రూలే వాడండి. స్టెయిన్‌లెస్ లేదా మంచి జింకు పూత ఉన్నవి. సన్న పిన్నులు, స్టేపుల్ మేకులు పలక లాగితే ఊడొస్తాయి. సుమారు 40 సెంటీమీటర్లకు ఒకచోట పైనొకటి, కిందొకటి. కొసకు ఐదు సెంటీమీటర్లలోపు ఒక జత ఉండాలి. స్క్రూ వెనక ఆధారంలోకి దిగాలి, ఒట్టి ప్లాస్టరులోకి కాదు. తల లోపలికి మరీ ముంచొద్దు.

6. బ్లేడు పదునుగా ఉండాలి. కార్బైడు పళ్ళున్నది మంచిది. మొద్దు బ్లేడు కోయదు, రాపిడికి కరిగిస్తుంది. మధ్యలో ఆపి నిలబెట్టినా కరిగి అంటుకుంటుంది.

7. లేత రంగు వేయండి. దీనికి రంగు వేయకపోయినా కుళ్ళదు. వేయాలంటే దుమ్ము తుడిచి, నీళ్ళలో కలిసే అక్రిలిక్ రంగు, అదీ లేత రంగు. ముదురు రంగు ఎండను తాగి పలకను మెత్తబరుస్తుంది.

8. బరువు మోయించొద్దు. ఇది అందానికి, అంచుకు. మెట్టుకు, దూలానికి కాదు. అరగా పెడితే కింద ఆధారాలు ప్లైవుడ్డుకన్నా దగ్గర దగ్గరగా పెట్టాలి. లేకుంటే నడుము జారుతుంది.

ఊపిరి జాగ్రత్త, మంట జాగ్రత్త

దీన్ని కోసినప్పుడు వచ్చే తెల్లటి పొట్టు ఒంటికి, బట్టలకు, వెంట్రుకలకు అంటుకుని దులిపినా పోదు. చౌక రకం పలకల్లో సీసం కలిపిన మందులు కూడా ఉండొచ్చు. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు. స్టోరులో దుమ్ము మాస్కు ఉంటుంది. అడిగి తీసుకోండి. సంతకం పెట్టి తీసుకునే హక్కు మీకుంది. చేతులు కడుక్కోకుండా టిఫిన్ ముట్టొద్దు.

అతికించే సిమెంటు ఆవిరి తలనొప్పి, కళ్ళు తిరగడం తెస్తుంది. తేలిగ్గా అంటుకుని మండుతుంది. కిటికీలు తెరిచి పని చేయాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్టు ఎవరూ ముట్టించకూడదు. కిటికీలేని బాత్రూంలో పని అయితే ఫ్యాను పెట్టించుకోండి, ఒంటరిగా ఉండొద్దు.

ఇక అన్నిటికన్నా పెద్ద మాట. మొన్న డిసెంబరులో మా క్యాంపు వెనక కొందరు పిల్లలు చలి కాచుకోవడానికి సైటు నుంచి తెచ్చిన తుక్కు కర్రతో మంట వేశారు. ఆ సంచిలో పీవీసీ ముక్కలూ ఉన్నాయి. నిమిషంలో నల్లటి పొగ, ముక్కులో మిరపకాయ ఘాటు. ఒక తమ్ముడికి తెల్లవార్లూ దగ్గే. పీవీసీ బరువులో సగానికి పైగా, నూటికి 57 వంతులు క్లోరినే. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే గ్యాసు వస్తుంది. అది ముక్కులో, ఊపిరితిత్తుల్లో తడికి తగిలి యాసిడ్ అవుతుంది. డయాక్సిన్ లాంటి విషాలు కూడా పుడతాయి. క్యాంపులో మంట వేయడమే తప్పు. అందులో పీవీసీ వేయడం చేతులారా విషం పీల్చడం. తెల్లటి ముక్క కనబడితే కర్ర కాదు, చెత్త డబ్బాలో వేయండి.

కమాను దగ్గర పలకను వేడి చేసి వంచాల్సి వస్తుంది. హీట్ గన్‌ను ఒకేచోట ఆపకుండా కదిలిస్తూ మెల్లగా వేడి చేయాలి. పసుపు రంగు తిరిగినా, ఘాటు వాసన వచ్చినా వెంటనే ఆపేయాలి.

ఎండలో పని గురించి ఒక్క మాట. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఎండలో పని చేయించకూడదని యూఏఈలో నియమం ఉంది. ఆ వేళల్లో పలక ఎలా వంగుతుందో చూశాం కదా. మనిషి ఒళ్ళు పలకకన్నా గట్టిదేం కాదు.

ఊరికి పట్టుకెళ్ళే విద్య

పోయిన ఆగస్టులో పెద్దన్న సెలవు మీద ఊరికి వెళ్ళాడు. తిరిగొచ్చాక ఆయన చెప్పిన మాటలు ఇవి. ఇప్పుడు జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ టౌన్లలోనే కాదు, పల్లెల్లో కూడా వంటింట్లో పీవీసీ కబోర్డులు పెట్టించుకుంటున్నారట. చెదల భయం లేదని ఆడవాళ్ళకు నచ్చింది. కానీ పెట్టేవాళ్ళలో కొందరు పొయ్యి పక్కకే ఆనించి పెడుతున్నారు, అవి వేడికి మెలితిరుగుతున్నాయి. తలుపు బందులు ఒట్టి ఫోములో బిగిస్తే స్క్రూలు ఆర్నెల్లకు ఊడొస్తున్నాయి. మే నెలలో 45 డిగ్రీలు కాసే నేల మనది. అక్కడ కూడా ఈ లెక్క పని చేస్తుంది.

పెద్దన్న తన ఇంట్లో బియ్యం పెట్టుకునే గదికి చిన్న కబోర్డు ఒకటి చేశాడు. బందులు పట్టే చోట లోపల టేకు పట్టీ దిగేశాడు. పొయ్యికి మూరెడు దూరం ఉంచాడు. పై అంచున సన్నటి సందు వదిలాడు. చూడటానికి వచ్చిన బావమరిది, "బావా, గిన్నేండ్లు దుబాయిల పని జేసి గిట్ల సందు ఇడిసిపెట్టినవేంది?" అని నవ్వాడట.

"ఎండాకాలం రానియ్, సందు యాడికి వోయిందో నువ్వే జూద్దువు" అన్నాడట పెద్దన్న.

ఆయనకు ఇంకో రెండేళ్ళలో ఇక్కడి పని ముగించి వెళ్ళాలని ఉంది. జగిత్యాలలో చిన్న షెడ్డు, ఒక కట్టర్ మెషిను, ఇద్దరు కుర్రవాళ్ళు. పెద్ద కోరికేం కాదు.

చివరగా

మా ఆఫీసులో ఇప్పుడు ఒక అలవాటు మొదలుపెట్టాం. కొత్త సామాను వచ్చినప్పుడు దాంతో వచ్చిన కాగితాన్ని ఫైల్లో పెట్టేముందు చదువుతాం. పని చేసేవాళ్ళకు కావలసిన నాలుగు ముక్కలు తెలుగులో, హిందీలో రాసి స్టోరు కిటికీ పక్కన అంటిస్తాం. దీనికి పావుగంట కన్నా ఎక్కువ పట్టదు. మాలాంటి క్లర్కులు ప్రతి కంపెనీలో ఉన్నారు. మీ పావుగంట ఒక అన్న రెండు నెలల జీతం కాపాడుతుంది.

పని చేసే అన్నలకూ, తమ్ముళ్ళకూ ఒకటే మాట. కొత్త పలక, కొత్త జిగురు, కొత్త మెషిను ఏది చేతికిచ్చినా, "దీంతో కాగితం వచ్చిందా?" అని అడగండి. అడగడం నామోషీ కాదు. చదివి చెప్పేవాళ్ళు మీ ఆఫీసులో దొరక్కపోతే సెలవు రోజు ఆ కాగితం పట్టుకుని మా గదికి రండి. చదివి చెప్తాం. చాయ్ మాత్రం మీరే ఇప్పించాలి.